పెద్ద సంఖ్య గుణాలన్నీ రాబట్టడం ఎలా: 1,23,45,67,890తో అడుగడుగునా

పది అంకెల సంఖ్య ఒకటి చేతికిచ్చి దాని గుణాలు చెప్పమంటే చాలామంది 2తో, 3తో, 7తో వరసబెట్టి భాగించడం మొదలుపెడతారు. అరగంటకు కాగితం నిండుతుంది కానీ సంఖ్య లొంగదు. భాగహారాలు సరిగ్గానే చేసి ఉంటారు, వరస తప్పి ఉంటుంది.

అందరికీ నోటికి వచ్చే సంఖ్యనే ఇక్కడ తీసుకుంటున్నాం: 1,23,45,67,890. దీన్ని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టి భాజకాలెన్నో, వాటి మొత్తమెంతో చూద్దాం. ఆ తర్వాత వర్గాలకు సంబంధించిన గుణాలు, గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం), ద్విసంఖ్యామాన రూపం (0, 1లతో మాత్రమే రాసేది) కూడా రాబడదాం. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళకైనా, ప్రోగ్రాములు రాసేవాళ్ళకైనా వరస ఇదే.

## 1. మొదలుపెట్టే ముందు

మీకు నిజంగా ఏం కావాలో ముందు తేల్చుకోండి. దాన్నిబట్టి పని చాలా తగ్గుతుంది.

- రెండు సంఖ్యల గసాభా మాత్రమే కావాలంటే కారణాంకాలు అక్కర్లేదు. నేరుగా 9వ మెట్టుకు వెళ్ళండి.
- 2, 3, 5, 9, 11 లాంటి వాటితో భాగించబడుతుందా అన్నదే ప్రశ్న అయితే 3, 4 మెట్లు చాలు.
- భాజకాల సంఖ్య, భాజకాల మొత్తం, సాపేక్ష ప్రధానాల (ఆ సంఖ్యతో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివాటి) లెక్క కావాలంటే పూర్తి విభజన తప్పదు.

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- గళ్ళ కాగితం (అంకెలు నిలువుగా కుదరడానికి)
- కనీసం 12 అంకెలు చూపించే క్యాలిక్యులేటర్
- 100 లోపు ప్రధాన సంఖ్యల పట్టీ. మొత్తం 25: 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29, 31, 37, 41, 43, 47, 53, 59, 61, 67, 71, 73, 79, 83, 89, 97

చేతిలెక్కతో 10 నుంచి 12 అంకెల దాకా వెళ్ళొచ్చు. అంతకు మించితే కంప్యూటర్ పట్టుకోవడమే మంచిది. కంప్యూటర్‌కైనా హద్దు ఉంది. 250 అంకెల ఆర్‌ఎస్‌ఏ-250 అనే సంఖ్యను 2020లో విడగొట్టడానికి సుమారు 2,700 కోర్-సంవత్సరాల గణన పట్టింది (ఒక్క ప్రాసెసర్ కోర్ ఏడాదంతా చేసే పని ఒక కోర్-సంవత్సరం).

## 2. సంఖ్యను రాసుకునే తీరు

కామాలు తీసేసి సంఖ్యను రెండు విధాలుగా రాసుకోండి.

చదవడానికి: 1,23,45,67,890 (నూట ఇరవై మూడు కోట్ల నలభై ఐదు లక్షల అరవై ఏడు వేల ఎనిమిది వందల తొంభై).

లెక్కకు: 1 | 234 | 567 | 890. కుడి నుంచి మూడేసి అంకెలు.

ఈ రెండో రూపాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మన కోట్లు, లక్షల కామాలు కుడివైపు మూడంకెల తర్వాత రెండేసి అంకెలకు పడతాయి. 4వ మెట్టులోని పరీక్ష మూడేసి అంకెల గుంపుల మీదే పనిచేస్తుంది. కామాలు ఎక్కడుంటే అక్కడే విడగొట్టి 890 − 67 + 45 − 23 + 1 అని వేశారంటే వచ్చిన జవాబుకు అర్థం ఉండదు. ఆ పరీక్ష తప్పడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

రాశాక అంకెలు లెక్కపెట్టండి. పది ఉండాలి. ఫోన్‌లోంచి కాపీ చేసినప్పుడు చివరి సున్నా రాలిపోవడం మామూలే.

## 3. చూపుతోనే తేలేవి

చివరి అంకెలు. చివర 0 ఉంది, కాబట్టి 2, 5, 10 భాగిస్తాయి. చివరి రెండంకెలు 90. అవి 4తో పోవు, 25తోనూ పోవు. అంటే విభజనలో 2 ఒక్కసారే వస్తుంది, 5 కూడా ఒక్కసారే. ఈ "ఒక్కసారే" అన్నది ఇప్పుడే రాసిపెట్టుకోండి, తర్వాత చాలాచోట్ల పనికొస్తుంది.

అంకెల మొత్తం. 1+2+3+4+5+6+7+8+9+0 = 45. ఇది 9 గుణిజం, కనుక సంఖ్య 9తో నిశ్శేషంగా పోతుంది. ఒక పక్కమాట: 0 నుంచి 9 దాకా పది అంకెలూ ఒక్కోసారి వచ్చేలా ఎలా కలిపి రాసినా మొత్తం 45 నుంచి మారదు. కాబట్టి అలాంటి పది అంకెల సంఖ్య ఏదీ ప్రధాన సంఖ్య కాలేదు.

27 సంగతి. 3కీ 9కీ పనిచేసిన అంకెల మొత్తం సూత్రం 27కి పనిచేయదు. 27నే చూడండి: దాని అంకెల మొత్తం 2 + 7 = 9, అది 27తో పోదు. 27 మాత్రం 27తో పోతుంది. 27కి మూడేసి అంకెల గుంపులను కూడాలి: 1 + 234 + 567 + 890 = 1692, మళ్ళీ 1 + 692 = 693. 693ని 27తో భాగిస్తే 18 శేషం. కాబట్టి 27 భాగించదు. 999 = 27 × 37 కాబట్టి ఇదే 693తో 37ని కూడా పరీక్షించవచ్చు. శేషం 27 వస్తుంది, అదీ భాగించదు.

ఇప్పుడు తేలినవాటిని బయటికి తీసేయండి:

1,23,45,67,890 = 2 × 3² × 5 × 1,37,17,421

ఇక మీదట మన పని 1,37,17,421తోనే. అసలు సంఖ్యను పక్కన పెట్టండి. విడగొట్టిన తర్వాత కూడా పెద్ద సంఖ్యనే భాగిస్తూ పోతే ప్రతి భాగహారంలో రెండంకెల పని అదనంగా పడుతుంది. 6వ మెట్టులో అయితే అసలు పనే జరగదు, ఎందుకో అక్కడ చూద్దాం.

## 4. 7, 11, 13 ఒకేసారి

1001 = 7 × 11 × 13. అందుకని మూడేసి అంకెల గుంపులను కుడి నుంచి ఒకటి కలుపుతూ, ఒకటి తీసేస్తూ పోతే వచ్చేదాన్ని ఈ మూడింటితోనూ పరీక్షించవచ్చు.

13 | 717 | 421 → 421 − 717 + 13 = −283

గుర్తు పక్కన పెట్టి 283ని చూడండి. 7తో 3 మిగులుతుంది, 11తో 8, 13తో 10. మూడూ భాగించవు.

ఒకటి గమనించాలి. ఇక్కడ మైనస్ వదిలేశాం కాబట్టి ఇవి అసలు శేషాలు కావు. భాగిస్తుందా లేదా అనే ప్రశ్నకు ఇది చాలు. నిజమైన శేషం కావాలంటే భాజకంలోంచి తీసేయాలి: 7కి 7 − 3 = 4.

## 5. 17 నుంచి 97 దాకా

ఇక్కడ దగ్గరిదారి సూత్రాలు వెతకొద్దు. 17కి ఒకటి, 19కి ఒకటి, 23కి ఇంకొకటి అంటూ సూత్రాలు ఉన్నాయి కానీ వాటిని గుర్తుచేసుకునే లోపు క్యాలిక్యులేటర్‌లో భాగించడం అయిపోతుంది.

చేసే పద్ధతి ఇది. భాగించండి, దశాంశ బిందువు ముందున్న భాగాన్ని మాత్రమే భాజకంతో తిరిగి గుణించండి, వచ్చింది తీసేయండి.

- 17 × 8,06,907 = 1,37,17,419. శేషం 2
- 19 × 7,21,969 = 1,37,17,411. శేషం 10
- 23 × 5,96,409 = 1,37,17,407. శేషం 14
- 29 × 4,73,014 = 1,37,17,406. శేషం 15
- 31 × 4,42,497 = 1,37,17,407. శేషం 14

ఇలా 97 దాకా వెళ్ళండి. ఒక్కటీ భాగించదు.

ఏదైనా భాగిస్తే వెంటనే చేయాల్సింది రెండు పనులు. భాగఫలాన్ని కొత్త సంఖ్యగా తీసుకోవాలి. తర్వాతి ప్రధానానికి పోకుండా అదే ప్రధానంతో మళ్ళీ భాగించి చూడాలి. ఈ రెండోది మరిచిపోతే భాజకాల లెక్క మొత్తం తప్పుతుంది. చివర్లో ఇచ్చిన సాధనలో సరిగ్గా ఈ గుంట ఉంది.

ఎంతదాకా భాగించాలి? సంఖ్య వర్గమూలం దాకా. 1,37,17,421 వర్గమూలం సుమారు 3703.7. 500వ ప్రధాన సంఖ్య 3571. అంటే చేత్తో చేస్తే అయిదు వందలకు పైగా భాగహారాలు. 100 దాటాక మొండిగా ముందుకు పోకుండా ఆగి, దారి మార్చండి.

## 6. ఫెర్మా పద్ధతి

ఆలోచన చిన్నదే. ఒక బేసి సంఖ్యను a² − b² అని రాయగలిగితే అది (a − b) × (a + b) అవుతుంది. కారణాంకాలు రెండూ వర్గమూలానికి దగ్గరగా ఉంటే ఈ పద్ధతి చాలా త్వరగా ముగుస్తుంది.

6.1 సిద్ధం. సంఖ్య బేసి అయి ఉండాలి. 1,23,45,67,890 మీదే నేరుగా మొదలుపెడితే ఎప్పటికీ జవాబు రాదు. దాన్ని 4తో భాగిస్తే శేషం 2. ఏ వర్గాన్ని 4తో భాగించినా శేషం 0 లేదా 1, కాబట్టి రెండు వర్గాల భేదానికి శేషం 2 రావడం అసాధ్యం. 2ను ముందే బయటికి తీయమన్నది ఇందుకే.

6.2 ఎక్కడ మొదలు. వర్గమూలం కంటే పైనున్న మొదటి పూర్ణసంఖ్య 3704. అయితే ఇక్కడ సగం పని తగ్గించే కిటుకు ఒకటుంది. 1,37,17,421 చివరి రెండంకెలు 21, 4తో శేషం 1. శేషం 1 అయితే a బేసి కావాలి, b సరి కావాలి. శేషం 3 అయితే తారుమారు. అంటే 3704 పనికిరాదని లెక్క వేయకుండానే తెలుస్తుంది. మొదలు 3705.

6.3 లెక్క. కిటుకు వాడకుండా రెండూ వేసి చూద్దాం.

3704² = 1,37,19,616. ఇందులోంచి 1,37,17,421 తీసేస్తే 2195. వర్గం కాదు.

తర్వాతి మెట్టుకు 3705ను వర్గం చేయనక్కర్లేదు. పాత భేదానికి 2 × 3704 + 1 = 7409 కలిపితే చాలు: 2195 + 7409 = 9604.

9604 = 98².

కాబట్టి a = 3705, b = 98. కారణాంకాలు 3705 − 98 = 3607, 3705 + 98 = 3803.

అయిదు వందల భాగహారాల పని ఒక తీసివేత, ఒక కూడికతో ముగిసింది.

6.4 వర్గమా కాదా అన్నది చూపుతో పట్టడం. ప్రతి భేదానికీ వర్గమూలం కట్టొద్దు. ముందు ఈ జల్లెడ పట్టండి:

- చివరి అంకె 2, 3, 7, 8 అయితే వర్గం కాదు
- చివర 5 అయితే దాని ముందు 2 ఉండాలి (2195లో 9 ఉంది, కొట్టేయండి)
- చివర 0 అయితే దాని ముందూ 0 ఉండాలి
- చివర 1, 4, 9 అయితే పదుల అంకె సరి కావాలి
- చివర 6 అయితే పదుల అంకె బేసి కావాలి
- అంకెల మొత్తాన్ని ఒక్క అంకె దాకా కుదిస్తే 1, 4, 7, 9లో ఏదో ఒకటి రావాలి

9604: చివర 4, పదుల స్థానంలో 0 (సరి). అంకెల మొత్తం 19, 10, 1. జల్లెడ దాటింది, అప్పుడు వర్గమూలం కట్టండి.

6.5 ఎప్పుడు వదిలేయాలి. ఇరవై మెట్లలో దొరకకపోతే ఆపేయండి. కారణాంకాలు దూరదూరంగా ఉంటే ఫెర్మా పద్ధతి నరకం చూపిస్తుంది. 10,97,39,369నే తీసుకోండి. దీన్ని 289 × 3,79,721 అని విడగొట్టవచ్చు, ఇంతకంటే దగ్గరి జంట దీనికి లేదు. ఫెర్మా పద్ధతిలో a 10,476 దగ్గర మొదలై 1,90,005 దాకా ఎక్కాలి. బేసి a మాత్రమే తీసుకున్నా 89,765 మెట్లు. అదే 5వ మెట్టులో 17తో ఒక్క భాగహారం చేస్తే సంఖ్య విడిపోతుంది.

అందుకే చిన్న ప్రధానాలు ముందు, ఫెర్మా తర్వాత. ఈ వరస మార్చొద్దు.

## 7. దొరికినవి ప్రధానాలేనా?

ఫెర్మా పద్ధతి ఇచ్చేవి కారణాంకాలు మాత్రమే, అవి ప్రధానాలని అది హామీ ఇవ్వదు. విడిగా తేల్చాలి.

3607: 60² = 3600, 61² = 3721. కాబట్టి 59 దాకా చాలు. 2, 3, 5 భాగించవని చూపుతోనే తేలుతుంది. మిగతా శేషాలు:

7→2, 11→10, 13→6, 17→3, 19→16, 23→19, 29→11, 31→11, 37→18, 41→40, 43→38, 47→35, 53→3, 59→8

ఎక్కడా సున్నా లేదు. 3607 ప్రధానం.

3803: 62² = 3844. కాబట్టి 61 దాకా.

7→2, 11→8, 13→7, 17→12, 19→3, 23→8, 29→4, 31→21, 37→29, 41→31, 43→19, 47→43, 53→40, 59→27, 61→21

ఇదీ ప్రధానమే.

నిజానికి 5వ మెట్టులో 97 దాకా అన్నీ చూసి ఉంటే ఈ పట్టీలు వేయనక్కర్లేదు. 1,37,17,421ని భాగించని ప్రధానం దాని కారణాంకాన్ని మాత్రం ఎలా భాగిస్తుంది? అయినా 5వ మెట్టులో ఎక్కడైనా పొరపాటు పడితే పట్టించేది ఇదే కాబట్టి వేయమనే చెబుతాం. నాలుగంకెల సంఖ్యకు ఎంతో సేపు పట్టదు.

పెద్ద సంఖ్యల మీద ఫెర్మా ప్రధానత్వ పరీక్ష (6వ మెట్టులోని పద్ధతి కాదు; n ప్రధానమైతే aⁿ − aను n భాగిస్తుందన్న సూత్రం మీద నడిచేది, ఇందులో aను ఆధారం అంటారు) వాడేవాళ్ళకు ఒక హెచ్చరిక. 2 ఆధారంతో చేసే ఆ పరీక్షలో 341 గట్టెక్కుతుంది, కానీ 341 = 11 × 31. 561 (3 × 11 × 17) అయితే తనతో సాపేక్ష ప్రధానమైన ఏ ఆధారంతో చూసినా గట్టెక్కుతుంది. ఆ పరీక్షలో తప్పింది కచ్చితంగా సంయుక్తమే. నెగ్గింది ప్రధానం కావచ్చు, కాకపోవచ్చు.

సరిచూడడం. 3607 × 3800 = 1,37,06,600. 3607 × 3 = 10,821. కలిపితే 1,37,17,421.

9తో సరిచూస్తే: 3607 → 7, 3803 → 5, 7 × 5 = 35 → 8. 1,37,17,421 అంకెల మొత్తం 26 → 8. సరిపోయింది. అయితే పక్కపక్క అంకెలు తారుమారైతే ఈ 9 పరీక్ష పట్టుకోలేదు, అంకెల మొత్తం మారదు కదా. 11తో కూడా చూడండి. కుడి నుంచి ఒకటి కలుపుతూ ఒకటి తీస్తూ: 3607 → 10, 3803 → 8, లబ్ధం 80 → 11తో శేషం 3. 1,37,17,421 → −8, అంటే 3. ఇదీ కుదిరింది.

## 8. కారణాంకాల నుంచి మిగతావన్నీ

1,23,45,67,890 = 2 × 3² × 5 × 3607 × 3803

ఇక సంఖ్యతో పని లేదు, ఈ వరస ఒక్కటి చాలు.

8.1 ఎన్ని భాజకాలు? ప్రతి ఘాతాంకానికీ 1 కలిపి గుణించండి: 2 × 3 × 2 × 2 × 2 = 48. ఒక్క 2ను పక్కన పెడితే మిగిలేది 24. కాబట్టి బేసి భాజకాలు 24, సరి భాజకాలు 24.

8.2 ఒక్కటీ జారిపోకుండా రాయడం. గుర్తొచ్చినట్టు రాస్తే కచ్చితంగా రెండు మూడు మరిచిపోతారు. ముందు 90 భాజకాలు రాయండి:

1, 2, 3, 5, 6, 9, 10, 15, 18, 30, 45, 90

ఈ పన్నెండింటినీ 1తో, 3607తో, 3803తో, 1,37,17,421తో గుణించండి. నాలుగు వరసలు, వరసకు 12, మొత్తం 48.

సరిచూసుకునే దారి: వర్గమూలం సుమారు 35,136. అంతకంటే చిన్న భాజకాలు సరిగ్గా 24 ఉండాలి. మొదటి వరస మొత్తం 12, 3607 వరసలో 32,463 దాకా 6, 3803 వరసలో 34,227 దాకా 6. వర్గమూలానికి అన్నిటికంటే దగ్గరి జంట 34,227 × 36,070.

8.3 భాజకాల మొత్తం. ప్రతి ప్రధానానికీ విడిగా కట్టి గుణించాలి.

- 2 → 1 + 2 = 3
- 3² → 1 + 3 + 9 = 13
- 5 → 6
- 3607 → 3608
- 3803 → 3804

3 × 13 × 6 = 234. 3608 × 3804 = 1,37,24,832. రెండింటి లబ్ధం 3,21,16,10,688.

3² దగ్గర జారేవాళ్ళు ఎక్కువ. కొందరు 1 + 9 = 10 వేస్తారు, ఇంకొందరు 4 × 4 = 16 వేస్తారు. రెండూ తప్పే. మధ్యలో ఉన్న 3 కూడా భాజకమే కాబట్టి 13.

ఇందులోంచి సంఖ్యనే తీసేస్తే మిగిలేది 1,97,70,42,798. ఇది అసలు సంఖ్య కంటే ఎక్కువ, కాబట్టి ఇది సమృద్ధ సంఖ్య. ఈ ఒక్క విషయమే కావాలంటే ఇంత లెక్క అక్కర్లేదు: 6 కంటే పెద్దదైన ప్రతి 6 గుణిజమూ సమృద్ధ సంఖ్యే.

8.4 సాపేక్ష ప్రధానాలు (ఆయిలర్ ఫై). 1 నుంచి ఈ సంఖ్య దాకా దీనితో ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని? 2 → 1, 3² → 3 × 2 = 6, 5 → 4, 3607 → 3606, 3803 → 3802.

24 × 3606 × 3802 = 32,90,40,288.

9కి 6 బదులు 8 వేయడం ఇక్కడి మామూలు తప్పు. ప్రధానంలోంచి 1 తీసేసే సూత్రం ఘాతాంకం 1 అయినప్పుడే నేరుగా వర్తిస్తుంది.

8.5 వర్గాలతో సంబంధం.

- పూర్ణవర్గమా? కాదు. 2, 5, 3607, 3803ల ఘాతాంకాలు బేసి. వర్గం చేయడానికి కనీసం 13,71,74,210తో గుణించాలి. అప్పుడు వచ్చేది 41,15,22,630 వర్గం.
- రెండు వర్గాల భేదమా? కాదు. 4తో శేషం 2.
- రెండు వర్గాల మొత్తమా? 4తో శేషం 3 వచ్చే ప్రధానాలన్నిటికీ ఘాతాంకం సరి కావాలి. 3కి సరి ఉంది. 3607, 3803 రెండూ 4తో శేషం 3 ఇచ్చేవే, ఘాతాంకం 1. కాబట్టి కాదు.
- మూడు వర్గాల మొత్తమా? అవును. 4తో పోయినంతసేపు భాగించాక 8తో శేషం 7 మిగిలేవి మాత్రమే కుదరవు. మనది 4తో పోదు, 8తో శేషం 2.

8.6 అంకెల మొత్తంతో భాగించబడుతుందా? 45 = 9 × 5, రెండూ కారణాంకాల్లో ఉన్నాయి. అవును, భాగఫలం 2,74,34,842. ఇలాంటివాటిని హర్షద సంఖ్యలంటారు.

## 9. గసాభా, కసాగు

గసాభా కోసం రెండు పెద్ద సంఖ్యల కారణాంకాలు వెతకడం వృథా శ్రమ. యూక్లిడ్ భాగహార పద్ధతి వాడండి. 9,87,65,43,210తో చూద్దాం.

9,87,65,43,210 = 8 × 1,23,45,67,890 + 90

ఇక 1,23,45,67,890ని 90తో భాగించాలి. శేషం 0. గసాభా 90. రెండే మెట్లు.

కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం) కోసం రెండు సంఖ్యల్నీ గుణించి 90తో భాగించొద్దు, మధ్యలో 20 అంకెల లబ్ధం వస్తుంది. ముందు ఒకదాన్ని 90తో భాగించి, ఆ తర్వాత గుణించండి: 1,23,45,67,890 × 10,97,39,369 = 135480701236261410.

ఇది 18 అంకెల సంఖ్య. ఎక్సెల్ గడిలో టైపు చేస్తే చివరి మూడంకెలు సున్నాలై 135480701236261000 అని కూర్చుంటుంది. ఎక్సెల్ 15 అంకెల దాకానే నిలుపుకుంటుంది, తప్పు అని ఎర్రగుర్తు కూడా చూపించదు. గడిని టెక్స్ట్‌గా మార్చుకుంటే అంకెలు నిలుస్తాయి కానీ లెక్క జరగదు. పైథాన్‌లో పూర్ణసంఖ్యలకు ఈ హద్దు లేదు.

## 10. ద్విసంఖ్యామానం

2తో 31 సార్లు భాగించడం కంటే 16తో ఎనిమిది సార్లు భాగించడం మేలు. శేషాలు వచ్చిన వరసలో: 2, 13, 2, 0, 6, 9, 9, 4. కింది నుంచి పైకి చదివి, ఒక్కోదాన్ని నాలుగు స్థానాల్లో రాయండి:

100 1001 1001 0110 0000 0010 1101 0010

మొదటిదానికి తప్ప మిగతావాటికి ముందు సున్నాలు వదలొద్దు. 6ను 110 అని, 2ను 10 అని రాస్తే స్థానాలన్నీ జరిగిపోతాయి. మొత్తం 31 స్థానాలు ఉండాలి, అందులో 1లు 12. చివర 10 ఉంది, అంటే 2తో పోతుంది, 4తో పోదు. 3వ మెట్టుతో కుదిరింది.

ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఇక్కడ ఒకటి చూసుకోవాలి. 32 బిట్ల ఇంట్‌లో పట్టే గరిష్ఠం 2,14,74,83,647. మన సంఖ్య అందులో పడుతుంది. దాని భాజకాల మొత్తం 3,21,16,10,688 పట్టదు, చాలా చోట్ల −1,08,33,56,608 అని వస్తుంది. భాజకాల మొత్తం రుణసంఖ్యగా కనిపిస్తే సూత్రాన్ని అనుమానించకుండా ముందు 64 బిట్లకు మార్చి చూడండి.

## 11. జవాబు రాసే ముందు చూసుకోవాల్సినవి

- [ ] కారణాంకాలన్నీ తిరిగి గుణిస్తే అసలు సంఖ్య వచ్చిందా?
- [ ] 9 పరీక్ష, 11 పరీక్ష రెండూ కుదిరాయా?
- [ ] ప్రతి కారణాంకాన్నీ వర్గమూలం దాకా పరీక్షించారా?
- [ ] భాగించిన ప్రతి ప్రధానంతో రెండోసారి భాగించి చూశారా?
- [ ] భాజకాల సంఖ్య బేసి వచ్చిందా? అలా వస్తే సంఖ్య పూర్ణవర్గం అయి ఉండాలి, కాకపోతే ఎక్కడో తప్పింది.
- [ ] 2 కంటే పెద్ద సంఖ్యకు ఆయిలర్ ఫై బేసి వచ్చిందా? అలా రాదు, మళ్ళీ వేయండి.

## 12. సాధన: 9,87,65,43,210

ఇదే వరసలో చేయండి. 90ని బయటికి తీస్తే 10,97,39,369 మిగులుతుంది. 5వ మెట్టులోనే 17 దొరుకుతుంది. అక్కడ ఆగకుండా 17తో మళ్ళీ భాగించండి. మిగిలే 3,79,721 ప్రధానమని తేల్చడానికి 613 దాకా వెళ్ళాలి. 613 లోపు, దానితో కలిపి, ప్రధానాలు 112. ఇక్కడ మాత్రం కంప్యూటర్ వాడుకోవచ్చు.

సరిచూసుకోవడానికి జవాబులు:

- విభజన: 2 × 3² × 5 × 17² × 3,79,721
- భాజకాలు: 72 (48 వచ్చిందంటే రెండో 17 మరిచిపోయారు)
- భాజకాల మొత్తం: 27,27,84,69,036
- ఆయిలర్ ఫై: 2,47,88,12,160
- రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చా: రాయవచ్చు. 3 ఘాతాంకం సరి, 5, 17, 3,79,721 మూడూ 4తో శేషం 1 ఇస్తాయి
- ద్విసంఖ్యామానంలో స్థానాలు: 34